పైకి చెప్పిన మొక్కు

అద్భుతాలు జరుగుతాయా జరగవా అని ఎక్కడైనా వాదన నడుస్తుంటే, నన్నెవరూ పిలవకపోయినా వెళ్లి మధ్యలో కూర్చుంటాను. జరుగుతాయి. ఒకటి నాకే జరిగింది. పోయిన గొంతు తిరిగొచ్చింది, మచిలీపట్నంలో మా వీధి వీధంతా విన్నది. అయితే అది ఫలానా దేవుడి మహిమ అనీ, ఫలానావాళ్ల మొక్కు ఫలమనీ ఎవరైనా నా ఎదుట తీర్పు చెప్పబోతే ఊరుకోను. "అదంతా ఏం లేదు, దానంతటదే వచ్చింది" అని తేల్చేసేవాళ్లనూ ఊరికే వదలను. ఈ రెండు పక్షాలతోనూ బాగా తగాదా పడ్డాను. ఆ తగాదాలో తేలిన సంగతి ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను బస్సు కండక్టర్ని. బందరులో ఎక్కించుకుని చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డలో దింపే రూటు నాది. ఎప్పుడైనా మనుషులు తక్కువైతే పామర్రు మీదుగా గుడివాడ వేస్తారు. అది మా పుట్టినూరు కాబట్టి నేనేమీ అనను. నా చిన్నప్పుడంతా మా అమ్మ "ఆడపిల్లవి, ఆ గొంతేంటే, నాలుగిళ్ల అవతలికి వినపడతంది" అని తిట్టేది. ఉద్యోగం వచ్చిన రోజున మాత్రం "పోన్లే, ఆ గొంతుకి తగ్గ పని దొరికింది" అంది. నిజంగానే తగ్గ పని. నిండిన బస్సులో ముందు నుంచి వెనక్కి వినపడాలంటే మామూలు గొంతు చాలదు. ఆడవాళ్లకి ఛార్జీ లేని సున్నా టిక్కెట్టు వచ్చాక బస్సులో నిలబడే చోటు కూడా లేదు. "వెనక్కి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే, గుమ్మంలో నిలబడితే నేనెక్కడికి పోవాలి" అని ఒక్క కేక వేస్తే జనం జరిగేవారు. మా డ్రైవరన్నయ్య "చెల్లెమ్మా, నువ్వుంటే నాకు హారను అక్కర్లేదు" అనేవాడు.

అలాంటి గొంతు పోయింది.

మెడ ముందు భాగంలో గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, బెజవాడలో ఆపరేషన్ అన్నారు. డాక్టరు మంచివాడు, ముందే అన్నీ చెప్పాడు. గడ్డ పక్క నుంచే గొంతు నరం వెళ్తుందనీ, ఎంత జాగ్రత్తగా చేసినా కొంతమందికి అది నీరసపడుతుందనీ, చాలామందికి కొన్నాళ్లకి కోలుకుంటుందనీ, కొందరికి కోలుకోదనీ అన్నాడు. "నేను ఏ రకమో ఎట్టా తెలుస్తుందండీ?" అని అడిగాను. "ముందుగా తెలీదమ్మా" అన్నాడు. మెలకువ వచ్చాక నీళ్లు అడుగుదామని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

నా పక్క మంచం మీద ఉన్నామె బందరు మనిషే. సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. రేవులో చేపలు కొనుక్కుని బందరు వీధుల్లో తిరిగి అమ్ముతుంది. ఆమెకీ అదే ఆపరేషన్, అదే ఫలితం. ఆమె కూడా అరుపు మీద బతికే మనిషే. వీధి మొదట్లో "చేపలో" అని కేక వేస్తే వీధి చివరి ఇంట్లోంచి గిన్నె పట్టుకుని బయటికొచ్చేవారట. ఇద్దరం ఊపిరితో గుసగుసలాడుకునేవాళ్లం. మా ఇద్దరి మొగుళ్లూ మంచాల మధ్య నిలబడి మా కన్నా మెల్లిగా మాట్లాడుకుంటుంటే మాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు కూడా వినపడేది కాదు.

ఇంటికొచ్చాను. డిపోలో నన్ను బస్సెక్కించకుండా ఆఫీసు గదిలో ఒక మూల కూర్చోబెట్టారు. అది వాళ్ల మంచితనమే. కానీ కిటికీలోంచి చూస్తే నా బస్సు ఇంకొకరి "రైట్ రైట్" మీద బయటికి వెళ్తుండేది, నాకు కళ్ల నీళ్లు ఆగేవి కావు. ఇంట్లోనూ అంతే. మా ఆయన రోల్డుగోల్డు పనివాడు, గాజులకు మెరుగు పెడతాడు, పుట్టుకతోనే తక్కువ మాటల మనిషి. ఇంట్లో మాట్లాడే గొంతులు రెండే, నాదీ మా అత్తయ్యదీ. మేమిద్దరం పొద్దున పప్పులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి సాయంత్రం దాకా వాదించుకునేవాళ్లం. అందులో కోపం తక్కువ, కాలక్షేపం ఎక్కువ. నా గొంతు పోయాక ఆవిడ ఒక్కతే ఎంతసేపని వాదిస్తుంది, కొన్నాళ్లకి తనూ మానేసింది. అప్పుడప్పుడు నా మెడ మీది కుట్ల మచ్చ వైపు చూసి మొహం తిప్పుకునేది.

గొంతు ఎలా వచ్చిందంటే, వడియాల వల్ల వచ్చింది. డాబా మీద బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టాం. కాపలా నేను. అరవలేని మనిషిని కాపలా పెట్టారు చూడండి. నా చేతిలో కర్ర ఉంది గానీ, కాకి ఒకటి పిట్టగోడ మీద నుంచి దిగి నేను కర్ర ఎత్తేలోపే వడియం ముక్కున కరుచుకుంది. నాకు ఒళ్లు మండి "ఏయ్" అన్నాను. అన్నానని నాకు తెలియనే లేదు. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న పిన్నిగారు చేతిలో దుప్పటి వదిలేసి "అమ్మాయ్, నువ్వేనా?" అంది. మళ్లీ "ఏయ్" అన్నాను. బొంగురుగా, విరిగి విరిగి వచ్చింది. కానీ గొంతే. అక్కడే చతికిలబడి ఏడ్చాను, ఏడుపు నా చెవులకి వినపడింది. అత్తయ్య మెట్లెక్కి వచ్చి నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది. ఆ సాయంత్రానికి వీధంతా మా ఇంట్లోనే ఉంది, కాకి తిన్నది పోగా మిగిలిన వడియాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మొక్కులు బయటపడడం అప్పుడు మొదలైంది.

మా వైపు పద్ధతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మొక్కు మనసులోనే మొక్కుకోవాలి. కోరిక తీరేదాకా ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఫలించదు. తీరాక మాత్రం నలుగురికీ చెప్పి మరీ చెల్లించాలి. అందువల్ల నేను మూగదాన్నై తిరిగిన నెలల్లో నా చుట్టూ ఎన్ని మొక్కులు ఉన్నాయో నాకే తెలియదు. గుడివాడ నుంచి మా అమ్మ ఫోను చేసి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నానంది. "ఈ వయసులో గుండేంటమ్మా" అంటే "నా జుట్టు, నా ఇష్టం" అంది. మా ఆయన కిళ్లీ మానేస్తానని మొక్కుకున్నాడట. నిజంగానే మానేశాడు, పాపం. పక్కింటి పిన్నిగారు ఉపవాస ప్రార్థనలో నా పేరు చదివించారట. డిపోలో ఒకాయన దర్గాలో దారం కట్టించానన్నాడు. ఎవరికి వారు దేవుడు నా మాటే విన్నాడని సంతోషం. నేను అందరికీ దణ్ణం పెట్టాను. నా కోసం ఇంతమంది లోపల్లోపల బతిమాలుకున్నారంటే గర్వంగా కూడా ఉంది, అబద్ధం ఎందుకు.

అందరి కన్నా చివర మా అత్తయ్య చెప్పింది. ఆవిడ మోపిదేవి స్వామికి మొక్కుకుందట. పుట్టలో పాలు పోయించడం ఒకటి. రెండోది, కోడలికి గొంతొస్తే బతికున్నన్నాళ్లూ మంగళవారం మంగళవారం దాని చేత మౌనం పట్టిస్తానని.

నాకు ముందు అర్థం కాలేదు.

"మౌనమా?"

"మౌనమే. లేచిన కాణ్ణించి పడుకునేదాకా నోరు విప్పకూడదు."

"గొంతొచ్చినందుకా?"

"కంటికి మొక్కుకుంటే వెండి కళ్లు ఇస్తారు. కాలికి మొక్కుకుంటే వెండి కాలు ఇస్తారు. గొంతుకేం ఇస్తారమ్మాయ్? ఎంత ఆలోచించినా నాకేం తోచలా. వారానికో రోజు ఆ గొంతే ఇచ్చేద్దాం అనుకున్నా."

ఆవిడ ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. "మా అమ్మలాగా మీ జుట్టు మొక్కుకోవాల్సింది" అన్నాను. "పోనీ మీరే పట్టండి మౌనం" అన్నాను. "నేను పడితే నీ గొంతు ఇచ్చినట్టు ఎట్టా అవుద్ది?" అంది. మా ఆయన్ని మధ్యవర్తిగా పిలిస్తే "వీక్లీ ఆఫు మంగళవారానికి మార్పించుకోకూడదూ" అన్నాడు. ఆయనతో మాట్లాడడం మానేద్దామనుకున్నాను గానీ, అప్పుడే వచ్చిన గొంతు, ఆపుకోలేక రెట్టింపు తిట్టాను.

నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాని ఆ రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. కొట్లో వస్తువు వేలితో చూపించి కొనుక్కున్నాను. ఫోను మోగితే ఎత్తలేక దాని వంక చూస్తూ కూర్చున్నాను. నన్ను చెవిటిదాన్ని కూడా అనుకుని నా ముందే నా గురించి జాలిపడ్డవాళ్లున్నారు. ఆ బతుకు వారానికొకసారి నా చేతులారా మళ్లీ తెచ్చుకోవాలా? నా ప్రమేయం లేకుండా, నా గొంతు మీద, నన్నడగకుండా ఇంకొకరు ఇచ్చిన మాటకి? చచ్చినా పట్టనన్నాను.

అత్తయ్య ప్రతి మంగళవారం పొద్దున నేను నోరు విప్పగానే చేతిలో పని ఆపి నా వైపు చూసేది, అంతే. మళ్లీ బస్సెక్కాక ఒకసారి నాకు జలుబు చేసి గొంతు పట్టేసింది. అది మంగళవారం మర్నాడు. మా ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండా ఉండిపోయాడు, పిన్నిగారు కషాయం గ్లాసు ఇచ్చి "మొక్కుతో ఆటలెందుకమ్మా" అని వెళ్లింది. నాకూ భయం వేసింది. ధైర్యంగా ఉన్నానంటే నమ్మకండి. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని "చల్లపల్లి, మోపిదేవి" అని మెల్లిగా అని చూసుకున్నాను. జలుబు తగ్గాక గొంతు ఎప్పటిలాగే వచ్చింది. అప్పుడు నా భయం మీద నాకే కోపం వచ్చింది.

పరీక్షకని బెజవాడ వెళ్లినప్పుడు డాక్టర్ని నిలదీశాను. "నా గొంతు ఎందుకొచ్చిందండీ?" "నరం కోలుకుందమ్మా, కొందరికి దానంతటదే కోలుకుంటుంది." "మరి నా పక్క మంచం మీదామెకి ఇంకా గొంతు రాలేదని నర్సమ్మ చెప్పిందే, ఆమెకి కోలుకోలేదేం?" "అది చెప్పలేం." దానంతటదే అనేది కూడా తెలియదని చెప్పడమే కదా, కాకపోతే కాస్త దర్జాగా. డ్రైవరన్నయ్య దేవుణ్ణి నమ్మడు. "సైన్సు చెల్లెమ్మా" అన్నాడు. "ఆ సైన్సు పక్క మంచానికి ఎందుకు పోలేదన్నయ్యా?" అంటే గేరు మార్చి రోడ్డు వంక చూశాడు.

పిన్నిగారు ఆదివారం నన్ను తమ ప్రార్థనకి రమ్మని పిలిచింది. వాళ్లలో మేలు పొందినవాళ్లు లేచి అందరి ముందూ ఆ సంగతి చెప్తారు, దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. "రెండు ముక్కలు చెప్పు చాలమ్మా, వినేవాళ్లకి ధైర్యంగా ఉంటది" అంది. ఆవిడ మీద నాకు గౌరవం. నా కోసం తిండి మానేసి ప్రార్థించిన మనిషి. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"గొంతు రానివాళ్లు కూడా సాక్ష్యం చెప్తారా పిన్నిగారూ?"

"గొంతు లేనివాళ్లు ఎట్టా చెప్తారమ్మా?" అని ఆవిడ పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. ఇంట్లోకి వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే ఆ వారమే నా బస్సులో చేపలామె ఎక్కింది. బందరు వీధుల్లో తిరగడం మానేసిందట. కేక లేకపోతే తలుపులు తెరుచుకోవు. ఇప్పుడు బస్సులో దారిలో ఉన్న ఊళ్లకి వెళ్లి, చావిడి దగ్గర కూర్చుని, సత్తు బేసిను మీద గరిటతో కొట్టి జనాన్ని పిలుస్తోంది. తట్ట వెనక సీటు కింద తోసి నా దగ్గరకొచ్చి నిలబడింది. నా గొంతు విని ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నా చెయ్యి పట్టుకుని ఊపిరితో "వచ్చేసిందే కండక్టరమ్మా" అంది. ఆమె మొహంలో నాకు ఈర్ష్య కనపడలేదు. కనపడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"నువ్వేం మొక్కుకున్నావు?" అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "చెప్పగూడదు గదా. ఇంకా అవలేదు గదా."

టిక్కెట్లు కొడుతూనే ఉన్నాను గానీ నా బుర్ర ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మొక్కు తీరినవాళ్లు ఊరంతా చెప్తున్నారు. తీరనివాళ్లు నోరు మూసుకుని ఇంకా ఎదురుచూస్తున్నారు. చచ్చేదాకా ఎదురుచూస్తారు, ఆ మొక్కు వాళ్లతోనే పోతుంది. అద్భుతానికి ఋజువు దొరకదేమని అందరూ అడుగుతుంటారు. దేవుడు దాచాడనో, నమ్మనివాళ్లకి కనపడదనో సమాధానం చెప్తారు. దాచింది దేవుడేమీ కాదు. నెరవేరనివాళ్లని మాట్లాడొద్దన్నాం, నెరవేరినవాళ్లని మైకు పట్టుకోమన్నాం. ఇక తేలేదేముంది? నా పక్కన నిలబడ్డ ఈమె మొక్కుని లెక్కలోకి తీసుకోకుండా నా గొంతు ఎవరిచ్చారో చెప్పడం నాకు సిగ్గుగా అనిపించింది.

తరవాత అత్తయ్య పట్టుబట్టింది. పాలన్నా పోద్దాం రమ్మంది. పాలు పోస్తాను, మౌనం మాత్రం పట్టనని బయల్దేరే ముందే ఖాయంగా చెప్పాను. "ముందు పద" అంది. సెలవు పెట్టి మంగళవారం ముగ్గురం మోపిదేవి వెళ్లాం. నేను రోజూ దాటే ఊరే, కానీ కేక వేసి మనుషుల్ని దింపడమే తప్ప నేను దిగింది తక్కువ. గుడి నిండా జనం. పిల్లల కోసం మొక్కుకున్న జంటలు, చెవులు కుట్టించడానికి తెచ్చిన పసివాళ్లు, తడి జుట్టుతో ప్రదక్షిణాలు చేసే ఆడవాళ్లు. పుట్ట దగ్గర చలిమిడి, చిమ్మిలి పెట్టి పాలు పోశాను. దణ్ణం పెట్టుకున్నాను. నాకు దేవుడి మీద కోపం లేదు, భక్తి ఉంది. మా ఆయన ప్రసాదం వరసలోకి వెళ్లాడు. నేనూ అత్తయ్యా మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాం.

"స్వామి ఎదురుగా ఉన్నాం. ఇవాళ్టి నుంచి మొదలెట్టమ్మాయ్" అంది.

"ఇంటి దగ్గరే చెప్పాను గదండీ."

"మొక్కులో తేడా వస్తే ఏమవుద్దో నీకు తెలీదు."

"ఏమవుద్ది అత్తయ్యా?"

ఆవిడ పుట్ట వైపు తిరిగింది. "పిల్ల పోద్ది" అంది.

మా ఆయన కన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని మాకు తెలుసు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు ఆవిడ చెప్పింది. పిల్ల అప్పుడప్పుడే నడక నేర్చిందట. జ్వరం తగిలింది. వానాకాలం, రోడ్లన్నీ నీళ్లు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా తగ్గలేదు. ఈ స్వామికే మొక్కుకుంది, తగ్గితే తీసుకొచ్చి నీ ఒళ్లో పడుకోబెట్టి నీ పేరు పెట్టుకుంటానని. మర్నాడు కాలవ రేవులో బట్టలు జాడిస్తుంటే తోడికోడలు "ఏమన్నా మొక్కుకున్నావా అక్కా" అని అడిగింది. దిగులుతో ఉన్న మనిషి, మొక్కుకున్నానని చెప్పేసింది. ఏం మొక్కుకుందో కూడా చెప్పేసింది. ఆ సాయంత్రం పిల్ల పోయింది.

"నా నోటి వల్ల పోయింది. నేను నోరు జారకుండా ఉంటే ఉండేది" అంది. "ఆ సంగతి ఆయన పోయేదాకా మీ మావయ్యకి కూడా చెప్పలా. నిన్ను చూసినప్పుడల్లా అదే భయం. నీ గొంతు కోసం మొక్కుకున్నాక మళ్లీ నోరు జారతానేమోనని నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను కూడా లేదమ్మాయ్."

నా గొంతు పోయిన నెలల్లో ఆవిడ వాదన మానేసింది విసుగొచ్చి అనుకున్నాను. పెదవులు బిగపట్టుకుని తిరిగిందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు ఒక తల్లి తన పిల్లని తనే చంపుకున్నానని నమ్మి, ఎవరితోనూ చెప్పుకోకుండా మా అందరికీ వండి పెట్టింది. జ్వరానికి పోయిన పిల్ల చావుని ఆ తల్లి నోటి మీద పెట్టిన ఆ పద్ధతి ఎవరు పెట్టారో, వాళ్లు నాకు ఎదురుగా దొరికితే బాగుండుననిపించింది. అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు.

లేచి నిలబడ్డాను. బస్సులో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాను.

"స్వామీ, నాతోబాటు ఆపరేషన్ అయిన ఒకామె ఉంది. బందరులో చేపలమ్ముకునేది. ఆమెకి గొంతు రావాలి. వస్తే బందరు నుంచి నీ దగ్గరికి నడిచొస్తాను. ఇదే నా మొక్కు. మనసులో మొక్కట్లేదు, పైకే మొక్కుతున్నా, అందరూ వింటున్నారు. ఇంకో సంగతి. మా అత్తయ్య మొక్కిన మౌనం నేను పట్టను. తప్పయితే అది నాది. తీసుకోవాలనుకుంటే నా గొంతు తీసుకో. ఆవిడ జోలికి రామాకు."

పాల గ్లాసులు పట్టుకున్నవాళ్లు ఆగిపోయారు. ఎవరో పెద్దాయన ఎందుకో చేతులు జోడించాడు. అర్చకుడు ఒకాయన "అమ్మా, నెమ్మదిగా" అన్నాడు. అత్తయ్య లేచి తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. చాలా ఆలస్యంగా పెట్టింది, నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఆ చెయ్యి పట్టుకుని నా దగ్గరే ఉంచుకున్నాను. ప్రసాదంతో తిరిగొచ్చిన మా ఆయన మా ఇద్దర్నీ చూసి చెరో పొట్లం చేతిలో పెట్టాడు. ఇంటికెళ్లాక అత్తయ్యే ఆయనకి చెప్పింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆవిడ గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఆవిడ కళ్లలో ఉన్న భయం చూసి నోరు తెరవడానికి జంకాను. నా గొంతు రాకపోతే, ఆ పిల్లని చంపింది ఆవిడేనని తీర్పు అయిపోయినట్టే. "కాఫీ కలిపారా అత్తయ్యా?" అన్నాను. మామూలుగానే వచ్చింది. ఆవిడ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. ఆ తరవాత కూడా చాలా రోజులు అలాగే వచ్చి నిలబడేది. నేను ప్రతి పొద్దునా ఏదో ఒకటి కావాలని గట్టిగా అనేదాన్ని.

చేపలామెకి కూడా చెప్పాను, నీ కోసం పైకి మొక్కానని. ఆమెకి కోపం వచ్చింది. "చెప్పేశారా? ఇంకేం వస్తది?" అని ఊపిరితోనే కసిరింది. నా తెగువకి ఆమె ఆశ ఎందుకు పణంగా పెట్టానని దారంతా మథనపడ్డాను. దిగేముందు ఆమె తట్ట ఎత్తుకుంటూ నా వైపు తిరిగి "మీరు చెప్పకముందు మాత్రం వచ్చిందా ఏంటి" అని నవ్వింది. ఆ తరవాత ఒక్కోసారి ఎక్కినప్పుడు తన మొక్కులు ఒక్కొక్కటే నాకు చెప్పింది. మోపిదేవికి, వాళ్ల ఊరి అమ్మవారికి, నా దగ్గర విని మా పిన్నిగారి ప్రార్థనకి, డిపో ఆయన చెప్పిన దర్గాకి కూడా.

ఆమె గొంతు ఇంకా రాలేదు. ఇది రాసేనాటికి కూడా రాలేదు. ఎవరైనా నా గొంతు సంగతి అద్భుతమని చెప్పమంటే చెప్తాను, వెంటనే ఆమె సంగతి కూడా చెప్తాను. రెండూ కలిపి వినే ఓపిక లేనివాళ్లకి ఒక్కటీ చెప్పను. పిన్నిగారు ఈ షరతు విని కొన్నాళ్లు అలిగింది. తరవాత ఒక ఆదివారం తనే పిలిచింది, వెళ్లి రెండూ చెప్పి వచ్చాను. చెప్పాక ఒకామె నా వెనకే గుమ్మం దాకా వచ్చి, తన కొడుకు విషయంలో తను చేసిన ప్రార్థన ఫలించలేదని నాతో అంది. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదట.

మంగళవారాలు నేను డ్యూటీలోనే ఉంటాను. మొన్న ఒక మంగళవారం అత్తయ్య చల్లపల్లిలో చుట్టాలింటికని నా బస్సే ఎక్కింది. సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాను. "ముందు సీట్లో కూర్చోండి అత్తయ్యా" అని అరిచాను, నలుగురూ తిరిగి చూశారు. ఆవిడ పక్కన ఒక చిన్నవయసు తల్లి ఒళ్లో పిల్లతో కూర్చుని ఉంది. పిల్ల కిందకి దిగి నడుస్తానని పేచీ పెడుతోంది. నేను టిక్కెట్లు కొట్టుకుంటూ వెనక నుంచి ముందుకొచ్చేసరికి అత్తయ్య ఆ పిల్ల కాలి పట్టీలు సర్దుతోంది.

"నాకూ ఇట్టాంటి పిల్లే ఉండేదమ్మా. జొరమొచ్చి పోయింది" అంటోంది.